కొట్టంలో పోసిన ఇత్తడి చక్రం

1962 జనవరిలో నన్ను హుజూర్‌నగర్ తాలూకాకు ఆయిల్ ఇంజన్ల సూపర్‌వైజరుగా వేశారు. అంతకుముందు మహబూబ్‌నగర్‌లో మెకానిక్‌గా ఉండేవాణ్ణి. రైతులు సర్కారు ద్వారా తీసుకున్న ఇంజన్లు, పంపులు సరిగా నడుస్తున్నాయో లేదో చూడడం, చిన్న మరమ్మతులైతే అక్కడికక్కడే చేయించడం, పెద్దవైతే నల్లగొండలో ఉండే అసిస్టెంట్ ఇంజనీరు గారికి ఇండెంట్ రాయడం నా పని. ఇండెంట్ అంటే ఫలానా భాగం ఇన్ని కావాలని మూడు ప్రతుల్లో రాసి పంపే కాగితం. ఊళ్లలో నన్ను ఇంజనీరు సారు అనేవారు. నేను ఇంజనీరును కాను. ఇంజను ఉన్నచోట నీరు వచ్చేలా చూడడం వరకే నా వంతు. ఆ రెండు మాటలనూ కలిపి పిలుస్తున్నారు కాబోలని ఊరుకునేవాణ్ణి.

అప్పటికి ఆ తాలూకాలో సాగర్ కాలువ కోసం సర్వే రాళ్లు పాతి ఉన్నాయి. నీళ్లు మాత్రం ఇంకా కాగితాల మీదనే పారుతున్నాయి. వరి పండాలంటే బావి ఉండాలి. బావి మీద మోట గానీ ఇంజను గానీ ఉండాలి.

నాకు ఉద్యోగం కాక ఇంకో పిచ్చి ఉండేది. ఇంట్లో లోహాలు కరిగించి పోత పోయడం, పోసిన దాన్ని లేతు మీద చెక్కడం. కిరాయికి తీసుకున్న ఇంటి వెనక పశువుల కొట్టం ఖాళీగా ఉంటే అందులో నా కార్ఖానా పెట్టుకున్నాను. ఒక మూల ఇటుకల కొలిమి, దానికి చేత్తో తిప్పే గాలి పంకా. ఇంకో మూల హైదరాబాద్ పాత సామాన్ల బజారులో దొరికిన కాలితో తొక్కే లేతు. లేతు అంటే లోహపు ముక్కను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం. నా లేతు పాతది, నా చేయి లేతది. రెండూ కలిసి చేసిన వస్తువులు చాలావరకు అనుకున్నవి కాకుండా వేరేవి అయ్యేవి. తలుపు పిడి అవుదామని బయలుదేరిన ఇత్తడి కాగితాల మీద పెట్టే బరువుగా ఆగిపోయేది. మా ఇంట్లో అలాంటి బరువులు పదకొండు ఉండేవి. అన్ని కాగితాలు మా ఇంట్లో లేవని మా ఆవిడ సుశీల ప్రతి దసరాకూ గుర్తు చేసేది.

నా కింద ఖాసిం అనే ఫిట్టర్ ఉండేవాడు. ఫిట్టర్ హోదాలో సూపర్‌వైజరుకు ఒక మెట్టు కింద. పనితనంలో ఖాసిం నాకు నాలుగు మెట్లు పైన, వయసులో పదిహేనేళ్లు పైన. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపులో పోత విభాగంలో పనిచేసి వచ్చినవాడు. సాయంత్రం ఆఫీసు మూశాక ఛాయ్ తాగే నెపంతో మా కొట్టంలోకి వచ్చి, నేను చేసే పనిని తల ఊపుతూ చూసేవాడు. ఆ ఊపు మెచ్చుకోలు కాదని తెలియడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

మరుసటి ఏడు మార్చి మొదటి వారంలో కొమురయ్య అనే రైతు ఆఫీసుకు వచ్చాడు. ఊరు హుజూర్‌నగర్‌కు నాలుగు మైళ్లు. గొర్ల కాపరుల ఇల్లు. అన్నదమ్ముల వరసైన మూడు కుటుంబాలు కలిసి ఒకే బావి మీద ఇంజను పెట్టుకుని నాలుగెకరాల యాసంగి వరి వేశారు. ఇంజను నడుస్తోంది గానీ పంపులోంచి నీళ్లు రావడం లేదన్నాడు.

ఖాసిం, నేను సైకిళ్ల మీద వెళ్లి పంపు విప్పి చూశాం. పంపు కడుపులో రెక్కలున్న చక్రం ఒకటి ఉంటుంది. అది గిర్రున తిరిగి నీటిని చుట్టూ విసురుతుంది. ఆ విసురుకే నీరు గొట్టం ఎక్కి పైకి వస్తుంది. బావిలోకి దించిన గొట్టం చివర రాళ్లు రాకుండా ఉండే జల్లెడ ఊడిపోయింది. పిడికిలంత రాయి ఒకటి పైకి లేచి చక్రానికి అడ్డం పడింది. ఆరు రెక్కల్లో మూడు విరిగాయి, మధ్యలో బీట. పోత ఇనుము అతుకుకు లొంగదు.

కొత్త చక్రం కంపెనీ నుంచే రావాలి. రైలు, లారీ, ఎడ్లబండి వరసగా ఎక్కి రావాలి. తొందరగా వస్తే నెల అన్నాను.

కొమురయ్య పొలం వైపు చూశాడు. "వరి పొట్టకొచ్చింది సారు. గీ ఎర్ర దుబ్బల తొమ్మిది రోజులు ఆగుతది. మస్తయితే పది. ఇగ ఆ తర్వాత మేం కోసేది గడ్డే."

మోట కట్టరాదా అని అడిగాను.

"ఇంజన్ వచ్చిందని బావిని ఇంకో మూడు గజాలు తవ్వితిమి. నీళ్లు అడుగుకు పోయినయి. ఇప్పుడు మోట దించితే తాడు అందక గాలి తోడుకోవాలె."

తిరిగి వస్తుంటే ఖాసిం సైకిలు దిగి నీళ్లు తాగేటప్పుడు అన్నాడు. "సాబ్, మీరు ఇన్ని దినాలు ఎవలకూ అక్కరకు రానియ్యి పోసిన్రు. ఒక్కసారి అక్కరకొచ్చేది పోద్దామా?"

ఇలాంటి పనికి నియమాల్లో చోటు లేదు. సూపర్‌వైజరు భాగాలు తెప్పించాలి గాని తయారు చేయకూడదు. తాలూకా కచేరీ నుంచి నల్లగొండకు ఫోను చేసి అసిస్టెంట్ ఇంజనీరు గారికి సంగతి చెప్పాను. ఆయన ముందు ఇండెంట్ పంపమన్నారు. ఆఫీసు వేళలు దాటాక నేను ఇంట్లో ఏం చేసుకున్నా శాఖకు సంబంధం లేదన్నారు. కానీ అది పగిలి ఎవరికైనా తగిలితే శాఖకు చాలా సంబంధం ఉంటుందని కూడా అన్నారు. దీన్నే నేను అనుమతి అనుకున్నాను.

చక్రాన్ని ఇత్తడిలో పోయాలని నిశ్చయించాం. పోత ఇనుము కరిగించే వేడి నా కొలిమికి రాదు. ఇత్తడి కావాలని కొమురయ్యకు కబురు పెడితే మర్నాడు బండి వచ్చింది. బండిలో మూడు బిందెలు, వాటి పక్కన కొమురయ్య తల్లి ఎల్లవ్వ. అరవై దాటిన మనిషి, సన్నగా తాడులా ఉంది. బిందెలు దింపి బండి వెళ్లిపోయింది గాని ఆమె వెళ్లలేదు.

"నా బిందెలు ఏడికి పోతున్నయో జర సూడాలె గద బిడ్డా" అని వసారాలో చాప పరుచుకుంది. ఇంత జొన్నపిండి, చింతకాయ పచ్చడి తెచ్చుకుంది. రెండో రోజుకు మా ఆవిడకూ ఆమెకూ ఎంత కలిసిందంటే, ఇంట్లో నేను అతిథిలా తిరగవలసి వచ్చింది.

ఇక్కడ పోత పద్ధతి కొంచెం చెప్పాలి. ముందు చెక్కతో అసలు వస్తువు నమూనా చేయాలి. కరిగిన ఇత్తడి చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అందుకని నమూనాను అడుగుకు మూడు పదహారో వంతుల అంగుళం చొప్పున పెద్దగా చేయాలి. ఆ నమూనాను రెండు చెక్క పెట్టెల మధ్య ఇసుక మట్టిలో గట్టిగా అదిమి, పెట్టెలు విప్పి నమూనాను తీసేస్తే, దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది. అదే అచ్చు. పెట్టెలు మళ్లీ కలిపి పై రంధ్రంలోంచి లోహం పోయాలి. పలుచని రెక్కలున్న వస్తువుకు పచ్చి మట్టి అచ్చు నిలవదు. మట్టిలో బెల్లం నీళ్లు కలిపి, అచ్చు చేశాక నిప్పు సెగ మీద బాగా ఆరబెట్టాలి. బెల్లం పాకంలా పట్టుకుని మట్టి గట్టిపడుతుంది. అచ్చులో తేమ మిగలకూడదు. ఈ విద్యలో మొదటి నియమం అదే, చివరి నియమం కూడా అదే.

రెండు సాయంత్రాలు కూర్చుని టేకు చెక్కతో నమూనా చేశాను. రెక్కల వంపు ఏ వైపుకుండాలో ఖాసిం మూడుసార్లు సరి చూశాడు. వంపు తిరగబడితే చక్రం తిరుగుతుంది గాని నీళ్లు రావు. మూడో రోజు అచ్చు చేసి బొగ్గుల సెగ పెట్టాం. నాలుగో రోజంతా ఆరింది. పగలు నేను ఆఫీసులో ఉండేవాణ్ణి, కొట్టం తలుపు తెరిచే ఉండేది. అచ్చు జోలికి ఎవరూ పోవద్దని ఇంట్లో చెప్పాల్సిన అవసరం నాకు తోచలేదు. అక్కడున్న ఇద్దరూ నా పోతల జోలికి ఎన్నడూ వచ్చినవాళ్లు కారు.

అయిదో రోజు తెల్లవారి కొలిమి ముట్టించాం. రెండు బిందెలను ముక్కలు చేసి మూసలో వేశాం. మూస అంటే లోహం కరిగించే నల్లటి మట్టి గిన్నె. ఇత్తడి కరిగి తెల్లటి పొగ లేవడం మొదలవగానే, ఇక ఆలస్యం చేయకూడదని ఖాసిం చేయి ఎత్తాడు. పొగ లేస్తోందంటే ఇత్తడిలోని తుత్తునాగం, అంటే జింకు, ఎగిరిపోతోందని అర్థం. ఇద్దరం పటకార్లతో మూసను ఎత్తి అచ్చు దగ్గరికి తెచ్చాం. అచ్చు పెట్టె మీద కుంకుమ బొట్టు, నాలుగు పసుపు చుక్కలు కనిపించాయి. నేను చూశాను. మా ఇంట్లో కొత్త చేటకైనా బొట్టు పెడతారు, అందులో వింతేముంది అనుకున్నాను. చూసి కూడా చూడకపోవడం అంటే ఇదే.

ఇత్తడి పోస్తుంటే అచ్చు గొంతులో ముందు గురక వచ్చింది. తర్వాత ఉమ్మింది. కరిగిన ఇత్తడి తిరిగి పైకి లేచి చింతపిక్కలంత చుక్కలుగా కొట్టం నిండా ఎగిరింది. ఆడవాళ్లను ముందే గోడ అవతల నిలబెట్టాం గనుక వాళ్లకు ఏమీ కాలేదు. ఖాసిం బూట్లు వేసుకున్నాడు గనుక అతని పాదాలు దక్కాయి. నా ప్యాంటుకు మాత్రం గాలి తగలడానికి ఏడెనిమిది దారులు ఏర్పడ్డాయి.

చల్లారాక అచ్చు పగలగొట్టాం. చక్రం ఉంది. మూడు రెక్కలు సగం వరకే నిండాయి. నిండినవి జల్లెడలా ఉన్నాయి.

"నూరు శాతం ఆవిరి పని సాబ్ ఇది" అన్నాడు ఖాసిం, ఒక రంధ్రంలో అగ్గిపుల్ల దూర్చి చూపిస్తూ. "మట్టి ఆరలే."

రెండు రోజులు ఆరింది కదా అన్నాను. బొగ్గుల సెగ ఒక పక్కనే పడి ఇంకో పక్క ఆరలేదేమో అని ఇద్దరం అనుకున్నాం. గాలి పోయే సన్న దారులు తక్కువ చేశానేమో అని నేను అనుకున్నాను. ఎల్లవ్వ ఏమనుకుందో మాకు తెలియదు. ఆమె ఆ చక్రాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "నా బిందె మంచిది గాదేమో" అని మెల్లగా అనుకుంటూ వసారాలోకి పోయింది.

అదే రోజు పొద్దున్నే, ఆఫీసుకు వెళ్లేలోగా కొత్త అచ్చు చేశాం. ఈసారి గాలి దారులు రెట్టింపు పెట్టాను. బొగ్గులు నాలుగు వైపులా పేర్చాను. కొమురయ్య ఆ మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎత్తు మడి ఎండి పసుపు రంగుకు తిరిగిందని, పల్లపు మళ్లలో ఇంకా తడి ఉందని చెప్పాడు. అయ్యిందా అని అడగలేదు. అడిగి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆరో రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి నేరుగా కొట్టంలోకి వెళ్లాను. ఎల్లవ్వ అచ్చు ముందు నిలబడి ఉంది. ఒక చేతిలో చెంబు. రెండో చేత్తో పసుపునీళ్లు పుడిసిట్లో పట్టి, అచ్చు రంధ్రంలోకి ధారగా పోస్తోంది. పక్కన మా ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని ఉంది.

నేను ఎంత గట్టిగా అరిచానో నాకు గుర్తు లేదు. మా ఆవిడకు గుర్తుంది, ఇప్పటికీ చెబుతుంది. ఏం చేస్తున్నావు అవ్వా, అని అడిగిన మాట మాత్రం గుర్తుంది.

ఎల్లవ్వ బెదరలేదు. వివరంగా చెప్పింది. "మొన్న జర తక్కువ పడ్డది సారూ. ఊకె సల్లిన, గంతే. గందుకే చెడ్డది. ఇయ్యాల నిండుగ పోస్తున్న."

ఆ ప్రాంతంలో కొత్త నాగలి కట్టినా, కొత్త పొయ్యి వేసినా, బావి తవ్వినా మొదట పసుపునీళ్లు పడాలి. ఆ పని ఇంటి పెద్దావిడ చేస్తుంది. ఎల్లవ్వ లెక్కలో ఈ చక్రం మూడు ఇళ్ల తిండి. దానికి పసుపునీళ్లు లేకుండా ఎట్లా? మొదటి పోత చెడిపోతే, చేసిన శాస్త్రం చాలలేదని ఆమెకు తోచింది. పని చెడితే నేను గాలి దారులు పెంచినట్టు ఆమె నీళ్లు పెంచింది. ఇద్దరం మా మా విద్యలను సరిదిద్దుకుంటున్నాం. నా దిద్దుబాటుకు ఆమెది ఎదురైంది, అంతే తేడా.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు మాత్రం ఇంకా రెండు మాటలు అన్నాను. నాలుగెకరాలు నీ చేత్తోనే ఎండబెడుతున్నావన్నాను. ఆమె చెంబు కింద పెట్టి, చాప చుట్టుకుని, ఊరి దారి పట్టింది. చీకటి పడడానికి ఇంకా గంట ఉంది.

ఖాసిం అప్పుడే లోపలికి వచ్చాడు. సంగతి విని అచ్చు రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "సాబ్, ఈ కొట్టంల మీరు పదకొండు తప్పులు పోసిన్రు. అన్నీ అల్మారిల ఉన్నయి. ముసలామె ఒక్కటి చేసిందని అరుస్తున్నరా? నిన్న బొట్టు మీరు సూడలేదా?"

చూశానని ఒప్పుకోవలసి వచ్చింది.

సైకిలు తీసుకుని ఆమెను ఊరి చివర చింతల దగ్గర అందుకున్నాను. క్షమించమని అడగడం నాకు అప్పటికి సరిగా వచ్చేది కాదు. ఎందుకు అరిచానో చెబుతాను, ఒక్కసారి రా అవ్వా అన్నాను. ఆమె కాసేపు ముందుకే నడిచింది. తర్వాత ఆగి, "నీ కాలుకు ఏమన్న కాలిందా నిన్న?" అని అడిగింది. కాలలేదన్నాను. అప్పుడు వెనక్కి తిరిగింది.

ఇంటికి తెచ్చాక మా ఆవిడను రొట్టెల పెనం పొయ్యి మీద పెట్టమన్నాను. బాగా కాలాక ఎల్లవ్వను నీళ్లు చిలకరించమన్నాను. నీళ్లు చుయ్యిమని లేచి ఎగిరాయి.

"ఏమైంది అవ్వా?"

"ఏమైతది, ఎగిరినయి. గీ ముచ్చట నాకు తెల్వదా?"

"ఈ పెనం మీద మూత పెట్టి గట్టిగ అదిమి పడితే?"

ఆమె పెనాన్ని చూసింది. తర్వాత కొట్టం వైపు చూసింది. "మూతను లేపుతయి."

"నిన్న లేపింది గదే."

ఆమె పెనాన్ని పొయ్యి మీంచి దింపింది. తర్వాత అడిగిన ప్రశ్న నేను అడగవలసింది. "మరి సారూ, నువ్వు మట్టి పిసికేటప్పుడు నీళ్లు పోస్తవు గద. గప్పుడు పోస్తె ఏమన్న నష్టమా?"

ఏ నష్టమూ లేదు. మట్టి కలపాలంటే నీళ్లు కావాలి. ఆ నీళ్లు పసుపువైనా, బెల్లానివైనా, రెండూ కలిసినవైనా, తర్వాత ఆరిపోయేవే. పోత పని నేర్చిన మా ఇద్దరికీ అది తోచలేదు.

ఆమె అంతటితో ఆగలేదు. తడిసిన అచ్చు పగలగొడుతుంటే ఆ మట్టి ముక్కను నలిపి చూసి పెదవి విరిచింది. "గిట్ల ఉత్త మట్టితోని పొయ్యి ఏస్తే పలగదా? ఊక కలపవా? పెండ కలపవా?"

ఖాసిం నవ్వాడు. "చెప్పు అవ్వా చెప్పు. నేను చెప్తే సాబ్ ఇనడు."

నా దగ్గర ఉన్న ఇంగ్లీషు పోత పుస్తకంలో అచ్చు మట్టిలో గుర్రపు లద్దె కలపాలని ఒక వాక్యం ఉంది. అది గుర్రాల కాలపు మాట అని దాటేశాను. ఎల్లవ్వ చెప్పింది అదే వాక్యం. వడ్ల ఊక, పేడలోని గడ్డి పీచు సెగకు మాడిపోతాయి. అవి ఉన్న చోట సన్న దారులు మిగులుతాయి. ఆవిరి ఆ దారుల వెంట పోతుంది. నేను ఇనుప చువ్వతో పొడిచి చేసిన దారులు ఇరవై. ఊక చేసే దారులను ఎవరు లెక్కపెడతారు?

ఆ సాయంత్రమే కొత్త మట్టి కలిపాం. ఎల్లవ్వ పసుపునీళ్లు పోస్తూ పిసికింది. పిసకడంలో ఆమె చేతికి మా ఇద్దరి చేతులు సాటి రాలేదు. ఎంత తడి కావాలో ముద్దను గుప్పిట్లో నొక్కి, విరిచి చూసి చెప్పేది. రెండోసారి నీళ్లు పోయబోతే నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది. రెక్కల అచ్చు ఈసారి అంచులు రాలకుండా వచ్చింది. ఆరబెట్టడానికి బొగ్గులు వద్దంది. అచ్చు చుట్టూ, పైనా పిడకలు పేర్చి, బూడిద కప్పి, మంట లేవకుండా రాజేసింది. బొగ్గుల సెగ ముఖం మాడుస్తుందని, పిడకల సెగ కడుపు దాకా పోతుందని ఆమె లెక్క. ఏడో రోజంతా కొట్టంలోంచి సన్న పొగ వచ్చింది. పక్కింటివాళ్లు రెండుసార్లు వచ్చి ఏం వండుతున్నారని అడిగారు. మా ఆవిడ చక్రాలు అని చెప్పింది. వాళ్లు జంతికలనుకుని వెళ్లారు.

ఎనిమిదో రోజు తెల్లవారి అచ్చు విప్పి, అద్దం ముక్కను లోపలి వైపు పట్టి చూశాను. తేమ ఉంటే అద్దం మసక బారుతుంది. బారలేదు. ఈ పరీక్ష మొదటిసారే చేసి ఉండాల్సింది. పుస్తకంలో అది కూడా ఉంది.

చెడిన చక్రాన్ని, మిగిలిన మూడో బిందెను కలిపి కరిగించాం. మూడో బిందె ఎల్లవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదని మా ఆవిడ తర్వాత చెప్పింది. ఎల్లవ్వ దాన్ని తనే సుత్తితో అణచి నా చేతికిచ్చింది. కొలిమికి బొట్టు పెట్టింది. అచ్చు దగ్గరికి రాలేదు.

పోశాం. ఇత్తడి చప్పుడు లేకుండా దిగింది. గాలి దారుల్లోంచి నీలి మంటలు సన్నగా లేచి ఆరాయి. చివరికి అచ్చు నిండిందని చూపే అవతలి రంధ్రంలోంచి లోహం పైకి తొంగి చూసింది. ఖాసిం మొదటిసారి తల అటూ ఇటూ కాకుండా పైకీ కిందికీ ఊపాడు.

ఆ రోజు ఒక్కపూట సెలవు పెట్టాను. పోసిన చక్రం పంపుకు సరిపోవాలంటే మధ్య రంధ్రం ఇరుసుకు కచ్చితంగా పట్టాలి. వెలుపలి అంచు పంపు గోడకు తగలకూడదు, మరీ దూరమూ ఉండకూడదు. దూరమైతే నీళ్లు లోపలే తిరుగుతాయి. లేతు మీద ఎక్కించి నేను తొక్కుతుంటే ఖాసిం ఉలి పట్టాడు, అతను తొక్కుతుంటే నేను పట్టాను. నేను పట్టినప్పుడు అతను మరింత మెల్లగా తొక్కేవాడు. రంధ్రం నా చేతిలో వెంట్రుకవాసి పెద్దదైంది. పలుచని రేకు తొడుగు వేసి సరిచేశాం. అది నా పన్నెండో తప్పు. బయటికి కనబడదు గనుక అల్మారాలోకి చేరలేదు.

తర్వాత తూకం చూడాలి. చక్రాన్ని ఇరుసుకు గుచ్చి రెండు కత్తి అంచుల మీద దొర్లనిచ్చాం. ఒక పక్క బరువుంటే అది ప్రతిసారీ కిందికి వచ్చి ఆగుతుంది. బరువున్న చోట ఆకురాయితో అరగదీశాం. ఎక్కడ వదిలితే అక్కడ ఆగే దాకా ఆ పని తొమ్మిదో రోజు మధ్యాహ్నం వరకు పట్టింది. ఇది శాఖవారి కోసం కాదు. నిమిషానికి రెండువేల చుట్లు తిరిగే వస్తువు పక్కన నిలబడేవాడు తన కోసమైనా ఆ పని చేయాలి.

తొమ్మిదో రోజు సాయంత్రం బావి దగ్గర చక్రం బిగించాం. గొట్టం చివర కొత్త జల్లెడ కట్టాం. మొదటి పది నిమిషాలు పంపు చుట్టుపక్కల ఎవరినీ ఉండనివ్వలేదు. మూడు ఇళ్లవాళ్లు గట్టు మీద నిలబడ్డారు. ఖాసిం ఇంజను తిప్పాడు. గొట్టం దగ్గింది, గాలి వదిలింది, మళ్లీ దగ్గింది. తర్వాత బురద నీరు వచ్చింది. ఆ వెనక తెల్లటి నీరు గొట్టం నిండా దూకింది.

కొమురయ్య పార తీసుకుని కాలువ వెంట పరుగెత్తి మొదటి మడి గండి తెరిచాడు. అతని వెనక మిగతా ఇద్దరు. ఎల్లవ్వ మాత్రం పంపు శబ్దం వింటూ నిలబడింది. "గిది మన కొట్టంల కూత కూసినట్టు లేదు సారూ" అంది. లేదన్నాను. మొన్నటి ఉమ్ము ఆమె చెవుల్లో ఇంకా ఉన్నట్టుంది.

ఎత్తు మడి సగం పోయింది. అక్కడ కంకులు తాలు పడ్డాయి. మిగిలిన మూడెకరాల చిల్లర నిలిచి ఏప్రిల్ చివర కోతకు వచ్చింది. కంపెనీ చక్రం కోత అయిన తర్వాత వచ్చింది. నియమం ప్రకారం దాన్ని బిగించి, ఇత్తడి చక్రాన్ని విడిభాగంగా పంపు షెడ్డులో ఉంచాం. అసిస్టెంట్ ఇంజనీరు గారు తనిఖీకి వచ్చినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని ఎక్కడిదని అడిగారు. చెప్పాను. సంతకం చేయవలసిన వస్తువేమీ కాదు గనుక చూసి పెట్టేశారు. వెళ్లేటప్పుడు మాత్రం, అచ్చు మట్టిలో ఏం కలిపావని అడిగి నోటుబుక్కులో రాసుకున్నారు.

ఆ తర్వాత పాతికేళ్లు అదే శాఖలో ఉన్నాను. ఇంట్లో పోతలు ఆపలేదు, చెడిపోవడం కూడా ఆగలేదు. కానీ ఆ కారణంతో మళ్లీ ఏదీ చెడలేదు. ఆ మార్చిలో నేను నేర్చుకున్నది రెండు ముక్కలు. ఒకటి, అచ్చులో తేమ ఉందో లేదో పోసే ముందు చూడాలి, ఎన్ని రోజులు ఆరినా సరే. రెండోది, ఒక పని చుట్టూ ఉండేవాళ్లు ఆ పనికి తమ వంతు ఏదో ఒకటి చేస్తారు. దాన్ని వద్దనడం కుదరదు. అది ఏ దశలో చేస్తే పనికి నష్టం ఉండదో ముందుగా చూసి, ఆ దశను వాళ్లకు అప్పగించాలి.

1968లో ఇంజన్ల ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు, కొత్త పంపు మొదలుపెట్టే పనుల వరుస ఒకటి రాశాను. అందులో నాలుగో అంశం ఇది: పూజ, కొబ్బరికాయ, పసుపునీళ్లు, బెల్టు ఎక్కించక ముందు. పై అధికారి ఒకాయన అది సాంకేతిక విషయం కాదని ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆ ఏడు ఇంజనుకూ పంపుకూ మధ్య తిరుగుతున్న బెల్టు మీద కొబ్బరి చిప్ప పడిన కేసులు రెండు వచ్చాయి. మరుసటి ఏడు నాలుగో అంశాన్ని ఆయనే తన చేత్తో తిరిగి రాశారు.